మానవ హక్కుల పాలసీ, స్వచ్ఛంద సంస్థల వ్యూహం: కన్సల్టెంట్‌గా నిలదొక్కుకోవడం ఎలా?

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు చాలామంది ముందు చట్టాలు చదువుతారు, ఒడంబడికల పేర్లు కంఠస్థం చేస్తారు, ఆ తర్వాత తమను ఎవరూ పిలవడం లేదేమిటా అనుకుంటారు. చట్టం తెలిసినవాళ్లు సంస్థల్లో ఎప్పటినుంచో ఉన్నారు. డబ్బిచ్చి బయటి మనిషిని పిలిచేది ఏదో ఒక నిర్ణయం తేలక ఆగిపోయినప్పుడు. ఏ కార్యక్రమం ఆపాలి, ఏ శాఖను ఏమని అడగాలి, చేతిలో ఉన్న డబ్బుతో వచ్చే మూడేళ్లు ఏం చేయాలి. ఇవి లోపలివాళ్లకు తెలియక కాదు, తేల్చుకోలేక బయటివాళ్లను పిలుస్తారు. కాబట్టి మీరు నేర్చుకోవాల్సింది విషయాన్ని నిర్ణయం దాకా తీసుకురావడం. కింది మెట్లన్నీ అందుకోసమే.

పని స్థూలంగా ఐదు రూపాల్లో వస్తుంది: పాలసీ విశ్లేషణ, ఐక్యరాజ్యసమితి యంత్రాంగాలకు పంపే నివేదికలు, సంస్థల వ్యూహ ప్రణాళికలు, కార్యక్రమాల మూల్యాంకనం, కంపెనీల సరఫరా గొలుసుల్లో హక్కుల పరిశీలన. ఐదూ చేస్తామని చెప్పుకునేవాళ్లను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

మొదటి మెట్టు: ఒక అంశం, ఒక నైపుణ్యం

"మానవ హక్కులు" అనేది అంశం కాదు, ఖండం. అందులో మీ జిల్లా ఏదో చెప్పాలి. నిర్బంధంలో ఉన్నవాళ్ల ఆరోగ్యం, వలస కార్మికుల నియామక ఫీజులు, వికలాంగ పిల్లల చదువు, నిరసనలపై పోలీసు బలప్రయోగం లాంటివాటిలో ఒకటి ఎంచుకోండి. దాని పక్కన నైపుణ్యం ఒకటి పెట్టండి: బడ్జెట్ విశ్లేషణ, శాసనాల ముసాయిదా, సర్వే డేటా, వర్క్‌షాప్ నడపడం, మూల్యాంకనం. "పిల్లల హక్కులు, బడ్జెట్ విశ్లేషణ" అని చెప్పుకునే మనిషి ఎప్పుడు పనికొస్తాడో ఎదుటివాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఎంచుకున్న అంశంలో నిర్ణయాలు ఎక్కడ జరుగుతాయో ముందే చూసుకోండి. ఏటా బడ్జెట్ కేటాయింపు, చట్ట సవరణ, అంతర్జాతీయ సమీక్ష, కోర్టు కేసు, ఇలా ఏదో ఒక తలుపు క్రమం తప్పకుండా తెరుచుకునే అంశమైతే పని కూడా క్రమంగా వస్తుంది. ఏ తలుపూ లేని అంశంలో పరిశోధన ఉద్యోగం దొరకవచ్చు గానీ కన్సల్టింగ్ దొరకడం కష్టం.

రెండో మెట్టు: వ్యవస్థను ఈ వరుసలో చదవండి

1948 డిసెంబర్ 10న ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటనతో మొదలుపెట్టండి. 30 అధికరణాలు, ఒక పూటలో అయిపోతుంది. తర్వాత 1966 నాటి రెండు ఒడంబడికలు, ఒకటి పౌర, రాజకీయ హక్కులది, మరొకటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులది. రెండూ 1976లో అమల్లోకి వచ్చాయి. ఇలాంటి మౌలిక ఒడంబడికలు మొత్తం తొమ్మిది, వాటిని పర్యవేక్షించే కమిటీలు పది. అన్నీ చదవనక్కర్లేదు. రెండు 1966 ఒడంబడికలు, మీ అంశానికి సంబంధించిన మరొకటి చాలు. కానీ ఆ మూడింటినీ ఆయా కమిటీలు వెలువరించిన జనరల్ కామెంట్లతో కలిపి చదవాలి. అసలు వాక్యం చాలాసార్లు రెండు లైన్లే ఉంటుంది, దాన్ని ఎలా అన్వయించాలో అక్కడ తెలుస్తుంది.

కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. మొదటిది, 1948 ప్రకటనను ఒడంబడికలా ఉటంకించడం. అది ఒడంబడిక కాదు, దాన్ని ఏ దేశమూ ధ్రువీకరించలేదు. రెండోది, సంతకానికీ ధ్రువీకరణకూ తేడా చూడకపోవడం, ధ్రువీకరించేటప్పుడు ఆ దేశం పెట్టిన మినహాయింపులు వెతకకపోవడం. సరిగ్గా మీరు ఆధారపడిన అధికరణానికే మినహాయింపు ఉంటే, ఎదురుగా కూర్చున్న అధికారి ఒక్క మాటతో మీ నివేదిక మూసేస్తారు. మూడోది, ఆర్థిక, సామాజిక హక్కులు "క్రమక్రమంగా" సాధించాల్సినవి కాబట్టి ప్రభుత్వం మీద ఇప్పటికిప్పుడు బాధ్యత లేదనుకోవడం. ఆ హక్కుల ఒడంబడికను పర్యవేక్షించే కమిటీ 1990లోనే, మూడో జనరల్ కామెంట్‌లో, వివక్ష లేకుండా చూడడం, అడుగులు వేయడం మొదలుపెట్టడం వెంటనే వర్తించే బాధ్యతలని స్పష్టం చేసింది. ఈ ఒక్క విషయం తెలిసినా ఎన్నో సమావేశాల్లో చర్చ దారి మారుతుంది.

తర్వాత సార్వత్రిక కాలానుగుణ సమీక్ష, అందరూ యూపీఆర్ అంటారు. 2006లో మానవ హక్కుల మండలి ఏర్పడింది, 2008లో ఈ సమీక్షలు మొదలయ్యాయి. ఐక్యరాజ్యసమితిలోని 193 దేశాలూ వంతులవారీగా దీని ముందుకొస్తాయి. మూడు పత్రాలు బల్ల మీద ఉంటాయి: దేశం ఇచ్చిన నివేదిక, ఐక్యరాజ్యసమితి సంస్థల సమాచారంతో కూర్చినది, పౌర సంస్థలూ ఇతరులూ పంపినవాటి సారాంశం. సమీక్ష ముగిశాక దేశం, ఇతర దేశాలు చేసిన ప్రతి సిఫార్సునూ "సమ్మతిస్తున్నాం" అనో "గమనించాం" అనో చెబుతుంది. గమనించాం అంటే మర్యాదగా కాదన్నట్టే.

ఇక చదివింది చేతికి రావాలంటే ఒక పట్టిక తయారు చేయండి. ఒక దేశం, ఒక అంశం, గత రెండు సమీక్షల సిఫార్సులు, గత రెండు విడతల కమిటీ ముగింపు పరిశీలనలు, అంటే దేశ నివేదిక చూశాక కమిటీ రాసేవి. వరుసల్లో సిఫార్సులు. నిలువు గడుల్లో ఇవి: ఎవరు చెప్పారు, ఏ ఏడు, దేశం ఏమంది, ఏ శాఖ చేయాలి, ఇప్పటిదాకా ఏం జరిగింది, దానికి ఆధారం ఏమిటి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం నడిపే యూనివర్సల్ హ్యూమన్ రైట్స్ ఇండెక్స్‌లో దేశం, అంశం వారీగా వెతికితే మొదటి మూడు గడులు దాదాపు నిండిపోతాయి. నాలుగోది నింపడానికి ఆ దేశ పాలన ఎలా పనిచేస్తుందో తెలియాలి. చివరి రెండింటి దగ్గర చెమట పడుతుంది, మీ విలువా అక్కడే తెలుస్తుంది. ఉద్యోగానికి వెళ్లినా, కన్సల్టెంట్‌గా అడిగినా ఈ పట్టికే మీ మొదటి నమూనా పని.

మూడో మెట్టు: రెండు పేజీల పత్రం రాయడం

నలభై పేజీలు రాయగలిగినవాళ్లకు కొదవ లేదు. అధికారి కారులో చదివి, దిగేలోపు ఏం చేయాలో తెలుసుకునే రెండు పేజీలు రాసేవాళ్లు తక్కువ. మొదటి పేరాలోనే అడుగుతున్నది ఏమిటో చెప్పండి. తర్వాత సమస్య ఎంతమందిని, ఎలా తాకుతోందో ఆధారంతో. తర్వాత ఇప్పటి నియమం ఎక్కడ తప్పుతోందో. తర్వాత రెండు మూడు మార్గాలు, వాటి ఖర్చు, వాటికి ఎదురయ్యే అభ్యంతరం. చివర మీ సిఫార్సు.

సిఫార్సుకు ఐదు ప్రశ్నల పరీక్ష పెట్టండి: ఎవరు చేయాలి, ఏ అధికారంతో, ఎప్పటిలోగా, ఎంత ఖర్చుతో, జరిగిందని ఎలా తెలుస్తుంది. "జైళ్లలో వైద్య సదుపాయాలు మెరుగుపరచాలి" అనేది ఈ పరీక్షలో మొదటి ప్రశ్న దగ్గరే పడిపోతుంది. 2015లో ఐక్యరాజ్యసమితి సవరించి ఆమోదించిన, నెల్సన్ మండేలా నియమాలుగా పిలిచే కనీస ప్రమాణాల్లో 30వ నియమం, కొత్తగా వచ్చిన ఖైదీని వైద్య సిబ్బంది వీలైనంత త్వరగా పరీక్షించాలంటుంది. ఆ "వీలైనంత త్వరగా"ను గంటల్లోకి, ఒక శాఖ ఉత్తర్వులోకి, ఒక రిజిస్టరులోకి దించడం మీ పని. జైళ్ల శాఖ ఉత్తర్వు ద్వారా, వచ్చిన 24 గంటల్లో పరీక్ష, ఫలితం కాపీ ఖైదీకి, మూడు నెలలకోసారి పర్యవేక్షక సంస్థ రిజిస్టరు తనిఖీ. ఇలా రాస్తే ఒప్పుకోవడానికో కాదనడానికో ఏదో ఒకటి దొరుకుతుంది. కాదన్నా పని ముందుకు కదిలినట్టే, ఎందుకు కాదంటున్నారో బయటపడుతుంది.

యూపీఆర్‌కు పౌర సంస్థలు పంపే నివేదికకు పదాల పరిమితి ఉంది: ఒక్క సంస్థ పంపితే 2,815, కూటమిగా పంపితే 5,630. దాటితే పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. గడువు సెషన్‌కు చాలా నెలల ముందే ముగుస్తుంది కాబట్టి తేదీని, తాజా మార్గదర్శకాలను పని ఒప్పుకునే ముందే చూడండి. ఏడెనిమిది సంస్థల కూటమిలో ప్రతి సంస్థా తన అంశానికి ఒక పేరా కావాలంటుంది. చివరికి ఒక్కొక్కదానికి 700-800 పదాలు, అన్నిటిలోనూ పలుచని సిఫార్సులు. ఎవరి అంశం లోపల ఉంటుందో, ఎవరిది అనుబంధానికి పోతుందో రాయడం మొదలుపెట్టకముందే తేల్చి, కాగితం మీద అందరి ఒప్పుకోలు తీసుకోండి. సిఫార్సులు మూడు నాలుగు మించితే ఏ రాయబారీ మీది ఎత్తుకుని చదవరు.

నాలుగో మెట్టు: ముందు లోపల పనిచేయండి

చదువు ముగియగానే కన్సల్టెంట్ అని పేరు పెట్టుకోవడం వల్ల నష్టమే ఎక్కువ. ఒక సంస్థలో జీతాలు ఆలస్యమైనప్పుడు ఏం జరుగుతుందో, నివేదిక గడువు ముందు రోజు లెక్కలు ఎలా సరిచేస్తారో, బోర్డు ఏ విషయంలో బిగుసుకుంటుందో లోపలినుంచి చూడనివాళ్లు ఇచ్చే వ్యూహ సలహా గాలిలో ఉంటుంది. నాలుగైదేళ్లు ఉద్యోగం చేయండి. ప్రోగ్రామ్ ఆఫీసర్, గ్రాంట్స్ ఆఫీసర్, మానిటరింగ్ అధికారి, పరిశోధకుడు, ఏదైనా సరే. గ్రాంట్స్ పని చాలామందికి నీరసంగా కనిపిస్తుంది. నిజానికి ఈ వృత్తికి అంతకంటే మంచి బడి లేదు. డబ్బు ఏ షరతుతో వస్తుందో, ఆ షరతు పనిని ఎలా వంచుతుందో అక్కడ కనిపించినంతగా ఇంకెక్కడా కనిపించదు. ఒక్కసారైనా డబ్బిచ్చేవాళ్ల వైపు, ఏదైనా ఫౌండేషన్‌లో పనిచేసే అవకాశం వస్తే వదులుకోకండి.

చదువు సంగతి. న్యాయశాస్త్ర పట్టా తప్పనిసరి కాదు. ఆర్థికశాస్త్రం, గణాంకాలు, ప్రజారోగ్యం, సామాజిక శాస్త్రాలు చదివి వచ్చినవాళ్లకు గిరాకీ ఉంది, ఎందుకంటే న్యాయవాదులు ఇప్పటికే ఉన్నారు. ఐక్యరాజ్యసమితి వృత్తి స్థాయి ఉద్యోగాలకు మాత్రం సాధారణంగా పీజీ అడుగుతారు. పీ-2 స్థాయికి దానితోపాటు రెండేళ్లు, పీ-3కి ఐదేళ్ల అనుభవం. యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్ పరీక్షకు వయసు పరిమితి 32, డిగ్రీ చాలు, కానీ ఆ ఏడాది ఆహ్వానించిన దేశాల పౌరులకే. ఐక్యరాజ్యసమితి సచివాలయ ఇంటర్న్‌షిప్‌లకు జీతం ఉండదు. ఖర్చులు భరించగలమా అని లెక్క వేసుకోకుండా వెళ్లి మధ్యలో వచ్చేసినవాళ్లు ఉన్నారు. అది లేకుండానే ఈ రంగంలో స్థిరపడినవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు.

ఐదో మెట్టు: సంస్థ లెక్కలు చదవడం

వ్యూహ ప్రణాళికలు ఎక్కువగా విఫలమయ్యేది ఆశయం తక్కువై కాదు, డబ్బు గురించి అందరూ మౌనంగా ఉండడం వల్ల. మొదటి వారంలోనే గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు, ఈ ఏటి బడ్జెట్, ప్రతి గ్రాంటూ ఎప్పుడు ముగుస్తుందో చెప్పే జాబితా అడగండి. ఇవ్వడానికి తటపటాయిస్తే అదీ ఒక సమాచారమే.

ఒక లెక్క చూడండి. సంస్థ ఏడాది ఖర్చు 120 పాళ్లు అనుకుందాం, నెలకు 10. బ్యాంకులో 60 ఉంది. ఆరు నెలలకు ఢోకా లేదని డైరెక్టర్ అంటారు. గ్రాంటు పత్రాలు తిరగేస్తే అందులో 45 ఫలానా ప్రాజెక్టుకే వాడాలన్న షరతుతో వచ్చినది. చేతిలో స్వేచ్ఛగా ఉన్నది 15. అంటే నెలన్నర. ఈ సంస్థ ఐదేళ్ల వ్యూహం రాసుకునే స్థితిలో లేదు. ముందు ఏడాదిన్నర ప్రణాళిక కావాలి, అందులో మొదటి లక్ష్యం షరతులు లేని నిధిని కనీసం మూడు నెలలకు పెంచడం. ఇది చెప్పడానికి ధైర్యం కంటే ముందు ఈ కూడికలూ తీసివేతలూ రావాలి.

ఒకే దాత నుంచి సగం డబ్బు వస్తుంటే దాన్ని మొదటి పేజీలో రాయండి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్ని నిలిపివేసినప్పుడు దాని మీదే ఆధారపడిన సంస్థలకు సర్దుకునే వ్యవధి కూడా దొరకలేదు. అలాగే ఓవర్‌హెడ్ ఖర్చులు: అద్దె, లెక్కల సిబ్బంది, ఆడిట్, భద్రత. దాతలు వీటికిచ్చే శాతం అసలు ఖర్చుకు సరిపోకపోతే, ప్రతి కొత్త గ్రాంటుతోనూ సంస్థ మరికాస్త బీదదవుతుంది. అమెరికా ప్రభుత్వ గ్రాంట్లలో విడిగా రేటు ఒప్పందం లేని సంస్థలు ఓవర్‌హెడ్‌కు తీసుకోగల గరిష్ఠ శాతం 2024 అక్టోబర్‌లో 10 నుంచి 15కు పెరిగింది. ఇలాంటి నిబంధనల మార్పు మీ క్లయింటు బడ్జెట్‌లోకి వచ్చిందో లేదో చూడడం మీ పనే.

ఆరో మెట్టు: వ్యూహ ప్రణాళిక పనిని నడపడం

పని పరిధి పత్రం, అంటే టీవోఆర్, చేతికి రాగానే ప్రశ్నలు, రోజులు లెక్కపెట్టండి. పాతిక రోజుల్లో పదిహేను ప్రశ్నలకు జవాబు కావాలంటే ఆ పత్రం రాసినవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు, ఎవరి ప్రశ్న వాళ్లు చేర్చేశారు. ప్రపోజల్ రాసే ముందు ఒక్క మాట అడగండి: "ఈ పని ముగిశాక ఎవరు, ఏ సమావేశంలో, ఏ నిర్ణయం తీసుకోబోతున్నారు?" దీనికి జవాబు రాకపోతే మీ నివేదికకు చదివే దిక్కు లేదు.

చిన్న, మధ్యతరహా సంస్థకు 30 రోజుల పనిని ఇలా పంచుకోవచ్చు. ప్రారంభ నివేదికకు (పని ఎలా చేస్తారో చెప్పేది) 3, పత్రాలు చదవడానికి 4, ఇంటర్వ్యూలకు 8, వర్క్‌షాప్ సన్నాహం, నిర్వహణకు 4, ముసాయిదాకు 6, అభిప్రాయాలు తీసుకుని మార్చడానికి 3, తుది పత్రానికి 2. ఈ రోజులు క్యాలెండర్ మీద మూడు నుంచి నాలుగు నెలలు పరుచుకుంటాయి, ఎందుకంటే మీరు ఎక్కువగా ఎదురుచూసేది ఇతరుల ఖాళీ కోసం.

ఎనిమిది రోజుల్లో పదహారు ఇంటర్వ్యూలు అవుతాయి. మాట్లాడేది గంటే, నోట్సు శుభ్రంగా రాయడానికి గంటన్నర పడుతుంది. అదే రోజు రాయకపోతే మీ ఊహలు వాళ్ల మాటల్లో కలిసిపోతాయి. పదహారు మందిలో సిబ్బంది, బోర్డు, దాతలు ఎలాగూ ఉంటారు. వాళ్లతోపాటు సంస్థ వదిలి వెళ్లినవాళ్లు ఇద్దరు, సంస్థంటే పడని అధికారి ఒకరు, ఇదే పని చేసే వేరే సంస్థవాళ్లు ఇద్దరు, ఎవరి హక్కుల కోసం ఈ సంస్థ ఉందో ఆ సమూహం నుంచి కనీసం ముగ్గురు ఉండాలి. జాబితాను డైరెక్టర్‌కే వదిలేస్తే అందరూ మెచ్చుకునేవాళ్లే వస్తారు. ప్రతివారినీ ఈ ప్రశ్న అడగండి: ఈ సంస్థ రేపు మూతపడితే ఏ పని ఆగిపోతుంది, ఏ పని వేరేవాళ్లు చేసేస్తారు? దీనికొచ్చే జవాబుల్లో సగం వ్యూహం ఉంటుంది.

వర్క్‌షాప్‌లో మొదటి పూట ఇంటర్వ్యూల్లో తేలినవి, లెక్కలు. రెండో పూట "ఏం ఆపుతాం" అనే చర్చ. దీన్ని రెండో రోజు సాయంత్రానికి నెట్టకండి, ఆ సమయానికి అందరూ అలసిపోయి, ఉన్నవన్నీ కొనసాగిద్దామని సర్దుకుంటారు. ఇప్పుడున్న పనులన్నీ గోడ మీద అతికించి, ప్రతిదాని పక్కన ఏడాది ఖర్చు, దానికి పనిచేసేవాళ్ల సంఖ్య రాయండి. కొత్తగా ఒకటి చేర్చాలంటే పాతది ఒకటి తీసేయాలన్న నియమం పెట్టండి. వ్యవస్థాపకులు గదిలో ఉన్నప్పుడు సిబ్బంది నోరు విప్పకపోతే, ముందు పేర్లు లేకుండా చీటీల మీద రాయించి, ఆ తర్వాత చర్చ మొదలుపెట్టండి.

తుది పత్రం పన్నెండు పేజీలు మించనక్కర్లేదు. మూడు నాలుగు ప్రాధాన్యాలు, ఆపేవాటి జాబితా, ఏడాదివారీ డబ్బు, ఏ పరిస్థితి వస్తే ప్రణాళిక మార్చుకోవాలో చెప్పే ఒక పేజీ. థియరీ ఆఫ్ చేంజ్, అంటే ఏ పని వల్ల ఏ మార్పు వస్తుందో బాణాలతో చూపే బొమ్మ గీయండి, కానీ ప్రతి బాణం దగ్గర "ఇది ఎందుకు జరుగుతుందనుకుంటున్నాం" అని ఒక వాక్యం రాయించండి. శిక్షణ ఇస్తే పోలీసుల ప్రవర్తన మారుతుందనే బాణం దాదాపు ప్రతి బొమ్మలోనూ ఉంటుంది. ఆ వాక్యం రాయబోతే, పదోన్నతి, శిక్ష, పై అధికారి ఆదేశం ఇవేవీ మారకుండా శిక్షణ ఒక్కటే ఏం చేస్తుందని గదిలో ఎవరో ఒకరు అడుగుతారు. మీకు కావాల్సింది ఆ ప్రశ్నే.

బోర్డుకు చివర్లో చూపించడం ఇంకో పెద్ద తప్పు. ప్రారంభ నివేదిక దగ్గర, ముసాయిదాకు ముందు, తుది పత్రం దగ్గర, మూడుసార్లు చూపించండి. లేకపోతే బోర్డులో ఒకరు ఆఖరి సమావేశంలో మొదటి ప్రశ్నకు వెళ్తారు.

ఫలితాలను కొలవడం గురించి కొంచెం. ఎక్కువగా సంపన్న దేశాల కూటమి అయిన ఓఈసీడీ అభివృద్ధి సహాయ కమిటీ 1991లో ఐదు మూల్యాంకన ప్రమాణాలు చెప్పింది, 2019లో పొందిక అనే ఆరోదాన్ని చేర్చింది. చాలా టీవోఆర్‌లు ఆరింటినీ అలాగే అతికిస్తాయి. మీ నిర్ణయానికి పనికొచ్చే రెండు మూడే తీసుకుందామని ప్రారంభ నివేదికలోనే ఒప్పించండి. పాలసీ పనిలో చట్టం రావడాన్ని సంస్థ ఘనతగా లెక్కవేయడం కుదరదు, వంద చేతులు పడి ఉంటాయి. కాంట్రిబ్యూషన్ అనాలిసిస్, అవుట్‌కమ్ హార్వెస్టింగ్ లాంటి పద్ధతులు ఇందుకోసమే ఉన్నాయి: ముందు ఏం మారిందో పట్టుకుని, అందులో సంస్థ పాత్ర ఎంతో బయటివాళ్లను అడిగి సరిచూస్తారు.

ఏడో మెట్టు: మీ వల్ల ఎవరికీ హాని జరగకుండా

ఈ పనిలో పొరపాటు అంటే ఒక్కోసారి ఒక మనిషి అరెస్టు. అవసరం లేని సమాచారం అసలు సేకరించకండి. వ్యూహ నివేదికకు బాధితుల అనుభవం వివరంగా అక్కర్లేదు, సేవ ఎలా అందిందో చాలు. పేర్ల జాబితా ఒకచోట, నోట్సు వేరొకచోట, రెండింటినీ కలిపేది కోడ్ నంబరు మాత్రమే. ఫోన్‌లో రికార్డు చేయడం మానేయండి, చేయాల్సి వస్తే ఎప్పుడు చెరిపేస్తారో ముందే చెప్పండి. అంగీకారం అంటే సంతకం కాదు. ఎవరు చదువుతారు, ఎక్కడ అచ్చవుతుంది, మధ్యలో వద్దంటే ఏం చేస్తారు అన్నది ఆ మనిషి భాషలో చెప్పి, తిరిగి వాళ్ల మాటల్లో చెప్పించుకోవడం. చిన్న సంస్థలో పేరు తీసేసినా "ఒక మహిళా న్యాయ అధికారి" అంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది, కాబట్టి హోదాలు కూడా కలిపేయండి.

చిత్రహింసల బాధితులతో మాట్లాడడానికి 1999లో వచ్చిన, 2022లో తాజాపరచిన ఇస్తాంబుల్ ప్రోటోకాల్ ఉంది. ఆ శిక్షణ లేకపోతే ఆ ఇంటర్వ్యూ మీరు చేయకూడదు. ఆన్‌లైన్ వీడియోలు, ఫోటోలను ఆధారంగా వాడాలంటే 2020 నాటి బర్కిలీ ప్రోటోకాల్ ఎలా భద్రపరచాలో, ఎలా సరిచూడాలో చెబుతుంది.

దాతకూ, ఆ దాత డబ్బు తీసుకునే సంస్థకూ ఒకే కాలంలో పనిచేయకండి. చేయక తప్పకపోతే ఇద్దరికీ లిఖితపూర్వకంగా చెప్పండి.

కంపెనీల పని గురించి

2011లో మానవ హక్కుల మండలి ఆమోదించిన వ్యాపార, మానవ హక్కుల మార్గదర్శక సూత్రాలు 31. రక్షించే బాధ్యత రాజ్యానిది, గౌరవించే బాధ్యత కంపెనీది, పరిహార మార్గం బాధితులకు అందాలి, ఇవి మూడు స్తంభాలు. కంపెనీలు తమ సరఫరా గొలుసుల్లో హక్కులను పరిశీలించాలనే చట్టాలు ఫ్రాన్స్‌లో 2017లో, జర్మనీలో 2023 నుంచి అమలయ్యేలా వచ్చాక ఈ పనికి గిరాకీ పెరిగింది. యూరోపియన్ యూనియన్ 2024లో ఇలాంటిదే ఒక ఆదేశిక తెచ్చి, 2025లోనే దాని గడువులు వాయిదా వేసింది. కాబట్టి నివేదికలో ఏ చట్టం పేరు రాసినా ఆ వారం స్థితి చూసి రాయండి. జాగ్రత్త ఒకటే: కార్మికులతో యాజమాన్యం లేకుండా మాట్లాడనివ్వని పని ఒప్పుకోకండి. అక్కడ వాళ్లకు కావాల్సింది మీ పరిశీలన కాదు, మీ సంతకం.

ఎనిమిదో మెట్టు: రేటు, ఒప్పందం

రోజు రేటు చాలామంది జీతాన్ని పనిదినాలతో భాగించి చెబుతారు. తప్పు ఎక్కడో చూడండి. 365 రోజుల్లో వారాంతాలు 104, సెలవులు, పండగలు, జ్వరాలు కలిపి 30 తీసేస్తే 231. ఇందులో ప్రపోజల్స్, బిల్లులు, చదువు, పరిచయాలకు దాదాపు వంద రోజులు పోతాయి. బిల్లు వేయగలిగేవి 130 అనుకోండి. మీకు ఏడాదికి 100 పాళ్లు ఇంటికి కావాలి, బీమా, పన్ను, పరికరాలు, పదవీ విరమణ పొదుపుకు 30 కావాలి. మొత్తం 130, రోజుకు ఒక పాలు. 231తో భాగిస్తే 0.56 వస్తుంది. ఆ రేటుకు ఏడాదంతా కష్టపడి సగం కడుపుతో మిగిలిపోతారు. చిన్న సంస్థకు తగ్గించాలనిపిస్తే రేటు తగ్గించకండి, బిల్లులో పూర్తి రేటు చూపించి, రాయితీని విడి వరుసలో రాయండి. లేకపోతే తగ్గించినదే మీ రేటుగా ప్రచారమవుతుంది.

ఒప్పందంలో ఇవి లేకుండా మొదలుపెట్టవద్దు: 30-40-30 శాతాల్లో చెల్లింపు, మొదటిది సంతకం దగ్గరే, రెండు విడతల సవరణలు మాత్రమే, అభిప్రాయాలన్నీ ఒకే పత్రంలో కలిపి ఇవ్వాలి, వాళ్ల వైపు జాప్యం అయితే కొత్త తేదీలు, మధ్యలో రద్దయితే చేసిన పనికి డబ్బు, నివేదిక ఎవరిది, ముడి నోట్సు ఎవరి దగ్గర ఉంటాయి, ఎప్పుడు చెరిపేస్తారు. ముడి నోట్సు ఇవ్వమని దాత అడగడం మామూలే. ఇవ్వనని ఒప్పందంలోనే ఉంటే ఆ సంభాషణ సులువు.

పని ఎక్కడ దొరుకుతుంది

రిలీఫ్‌వెబ్, డెవెక్స్‌లో ప్రకటనలు చూడండి, ఐక్యరాజ్యసమితి సంస్థల టెండర్ల కోసం యూఎన్‌జీఎం పోర్టల్‌లో నమోదు చేసుకోండి. అయినా మొదటి రెండేళ్లు పని ఎక్కువగా పాత సహోద్యోగుల ద్వారానే వస్తుంది. అనుభవజ్ఞుల బృందంలో చిన్న భాగం, పత్రాల సమీక్షో, డేటా విశ్లేషణో తీసుకుని చేరడం మంచి దారి. వారం గడువుతో, అతి నిర్దిష్టమైన అర్హతలతో వచ్చే ప్రకటన వెనుక చాలాసార్లు మనిషి ముందే ఖాయమై ఉంటారు. నాలుగు షరతులు పెట్టుకుని అందులో మూడు కుదిరితేనే ప్రపోజల్ రాయండి: అంశం మీదేనా, నిర్ణయం ఎవరిదో తెలుసా, రోజులు సరిపోతాయా, లోపల మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఒకరైనా ఉన్నారా. సీవీని ఉద్యోగాల వారీగా కాకుండా చేసిన పనుల వారీగా, మూడు పేజీల్లో రాయండి. ప్రతి పనికింద మీరేం చేశారో ఒక వాక్యం, దాన్ని అనుసరించి ఏ నిర్ణయం జరిగిందో మరో వాక్యం.

ఆ రెండో వాక్యం రాయడానికి ఆధారం కావాలి. అందుకే తుది బిల్లు పంపేటప్పుడే ఆరు నెలల తర్వాత ఒక గంట ఉచిత ఫోన్‌కాల్ తేదీ పెట్టుకోండి. అప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఆపుతామన్నది ఆపారా, ఏ సిఫార్సుకు డబ్బు కేటాయించారు, ఏది బోర్డు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మూడో ప్రశ్నకొచ్చే జవాబులను ఒక ఫైల్లో పెట్టుకోండి, తర్వాతి పనిలో ప్రారంభ నివేదిక రాసేటప్పుడు ముందు తెరవాల్సింది ఆ ఫైలే.